ఇసుక మీద చల్లిన నీళ్లు

కుండలో మిగిలిన నీళ్లు కూడా చేత్తో చిలకరించి నడుం ఎత్తేసరికి, మైదానం చూసుకునే చాచా పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి అట్లా ఉరకగలడని నేననుకోలేదు.

"యా అల్లా! ఏం జేసినవ్ బిడ్డా?"

"నీళ్లు సల్లిన చాచా. దుమ్ము లేస్తున్నది గద."

చాచా తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

మా పుట్టిల్లు మోర్తాడ్ వైపు. పసుపు ఆరబోసే ముందు కళ్లం ఊడ్చి నీళ్లు చల్లడం చిన్నప్పటి నుంచీ నా పని. గుండ్రంగా, చదునుగా ఊడ్చిన నేల కనిపిస్తే నా చెయ్యి ఊరుకుంటుందా? అది గోల్ఫ్ ఆటలో బంతిని గుంతలోకి నెట్టే చోటని నాకేం తెలుసు! అక్కడ గడ్డి నిలవదు కాబట్టి, గుంత చుట్టూ సన్న ఇసుకలో మిల్లులో వాడేసిన నూనె కలిపి పరుస్తారట. బంతి దాని మీద గాజు మీద పోయినట్టు పోవాలట. నా నీళ్లకు ఆ ఇసుక తడిపిన తవుడులా ముద్దలు కట్టింది.

నిజాం కాలంలో చక్కెర మిల్లుకు వచ్చిన తెల్లదొరలు బోధన్ బయట, చెరుకు తోటల మధ్య వేసుకున్న మైదానం అది. తొమ్మిది గుంతలు. దొరలు పోయాక దాన్ని కాపాడుతూ వచ్చింది చాచా ఒక్కడే. నేను చూసింది పోచంపాడు ప్రాజెక్టు కడుతున్న రోజుల్లో, మా పెళ్లైన ఏడాదే. మా ఆయన నిజామాబాద్‌లో మిల్లు ఆఫీసు గుమాస్తా. కొత్తగా వచ్చిన పెద్ద సారు, ఆదివారం ఆడవాళ్లను కూడా తీసుకొచ్చి ఆడి చూడండని ఆఫీసువాళ్లకు చెప్పారు. మేమిద్దరమే పోయాం. సారుకు నచ్చితే మైదానం ఉంటుంది, లేకపోతే దున్ని చెరుకు పెడతారు. పొద్దున దొరల పాత బంగ్లాలో మాకు చాయ్ పోస్తూ చాచాయే ఈ మాట చెప్పాడు.

అంతలో సారు, వెనకే మా ఆయన ఆ గుంత దగ్గరికి వచ్చారు. సారు వంగి, ఒక కన్ను మూసి, బంతిని మెల్లగా నెట్టారు. మూరెడు పోయి ఆగింది.

"ఏంది చాచా, ఇది ఆట జాగనా, వరి మడా?"

"నా తప్పే సాబ్. రాత్రి మంచు మస్తు పడ్డది."

మా ఆయన నన్ను కళ్లతోనే ఆపాడు. నేను ఆగితే కదా!

"మంచు గాదు సార్, నేనే. కళ్లం అనుకొని సల్లిన. చాచా పొద్దుగాల నుంచి మోకాళ్ల మీద కూసొని సాపు జేసిండు. కడమవి సూడుర్రి, అద్దం లెక్క ఉన్నయ్."

"జర నోరు మూస్తవా?" అన్నాడు మా ఆయన.

సారు నన్ను ఎగాదిగా చూసి కర్ర నా చేతిలో పెట్టారు.

"నీళ్లు సల్లినోళ్లే ఆడి సూపియ్యాలె."

కొంగు దోపి, మట్టిపెళ్ల పగలగొట్టినట్టు ఒక్కటిచ్చాను. బంతి గుంత దాటి, ఇసుక దాటి చెరుకులో పడింది.

"ఇగ బంతిని కోటగిరి ఊర్ల దేవులాడుకోవాలె," అన్నాడు మా ఆయన. సారు పొట్ట పట్టుకుని నవ్వారు. మిగతా గుంతలన్నీ నేనూ ఆడాను. ఒకదాంట్లో పదకొండు దెబ్బలకు బంతి టుక్కున పడితే, ఎగిరి గంతేశాను.

సాయంత్రం జీపెక్కబోతూ సారు చాచా భుజం మీద చెయ్యి వేశారు.

"ఆట మంచిగున్నది చాచా. కానీ మిల్లుకు విత్తనం చెరుకు కావాలె. ఐదు గుంతల జాగ రేపటి సంది దున్నుతరు. బంగ్లా దిక్కు నాలుగు నీకు ఇడుస్తున్న."

"నాలుగు సాలు సాబ్," అని చాచా సలాం చేశాడు.

జీపు పోయాక అడిగాను, "నా నీళ్ల వల్లనేనా చాచా?"

"అరే పాగల్! నువ్వు నీళ్లు సల్లింది ఉంచిండు. నేను సాపు జేసినయ్ దున్నుతుండు," అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ రాత్రి బోధన్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో పడుకున్నాం. తెల్లారి బస్సుకు ముందే మైదానానికి పోయాను. నాగళ్లు ఇంకా రాలేదు. చాచా ఆ ఐదు గుంతల్లో పాతిన జెండాలు పీకేశాడు గానీ గుంతలు అట్లాగే ఉన్నాయి. ఎద్దు కాలు పడితే విరుగుతుంది. గట్టు మీది మట్టి తట్టకెత్తుకుని ఒక్కొక్క గుంతలో పోసి, ఐదూ కాలితో తొక్కి గట్టి చేశాను.