రాజి పెట్టిన రాయి

నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టుకున్నాను. పిడికిట్లో ఇమిడేంత పలుగురాయి, విరిగిన పాల తెలుపు, నడుమ ఒక ఎర్రటి చార. కోడలు వారానికోసారి తడిగుడ్డతో బల్ల తుడుస్తూ దాన్నీ తుడుస్తుంది. అప్పుడు దాని నుంచి ఒక వాసన లేస్తుంది. వాన పడ్డ గుట్ట వాసన, ఎండుగడ్డీ ఎర్రమట్టీ సీతాఫలం ఆకూ కలిసిన వాసన. రాయికి వాసనేమిటని కోడలు నవ్వుతుంది. నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగదు.

మొన్న పేపర్లో చదివాను, సెలవు రోజున పిల్లాపాపలతో గుట్టలెక్కడం ఒంటికీ మనసుకూ మంచిదట. దానికి బూట్లు కావాలట, వీపు సంచులు కావాలట, దారి చూపే మనిషికి కిరాయి కట్టాలట. నేను బడిలో కూర్చుని చదివినవాణ్ణి కాను. మా కాలంలో బాన్సువాడ బడిలో చెప్పేది ఉర్దూ, అదీ కొందరి పిల్లలకే. తెలుగు అక్షరాలు నేను కిరాణా పొట్లాల కాగితాలు విప్పుకుని, వచ్చేపోయేవాళ్లను ఇదేమిటి అదేమిటి అని విసిగించి నేర్చుకున్నవి. అట్లా నేర్చుకున్నందుకేనేమో, అచ్చులో సగం మాట కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. గుట్టలెక్కడం మంచిదని రాసిన ఆ పెద్దమనిషి, ఎక్కడానికి గుట్ట ఎక్కడ మిగిలిందో ఒక్క ముక్క రాయలేదు.

మా ఇంట్లో దాన్ని వంటలకు పోవడం అనేవాళ్లు. దసరా వెళ్లి, వానలు వెనకపట్టి, మంజీర నీళ్లు తేటపడి ఒడ్డున ఇసుక బయటపడిన రోజుల్లో, మా ఇల్లూ పక్కింట్లో ఉండే కాక, అంటే బాపు తమ్ముడి ఇల్లూ కలిసి పద్నాలుగుమందిమి గుట్ట దాటి ఏటికి పోయేవాళ్లం. ముందు రోజంతా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. ఏడాది పొడుగునా బీడీలు చుట్టే మా అమ్మ ఆ ఒక్కరోజు ఆకుల చాట అటకెక్కించి, జొన్నరొట్టెలు కాల్చి బెల్లంతో నలిపి మలీద ముద్దలు కట్టేది. ఆ ముద్దల్లో కూడా ఆమె వేళ్లకు పట్టిన తునికాకు వాసన సన్నగా ఉండేది, ఆ వాసన లేని మలీద నాకు ఇవాళ్టికీ మలీద అనిపించదు. పెద్ద కొడప్‌గల్ నుంచి మా మేనత్త సర్వపిండి గిన్నె నెత్తిన పెట్టుకుని, దారిలో ఎవరెవరితో కొట్లాడిందో చెప్పుకుంటూ దిగేది.

కోడి కూయగానే బయలుదేరితే, వరి మళ్ల గట్లమీద మంచు కాళ్లకు చల్లగా తగులుతుండగా చెరుకు తోటలు దాటి, పొద్దు బారెడెక్కేసరికి తునికి చెట్లలోకి వచ్చేవాళ్లం. అక్కడి నుంచి బోదగడ్డి నడుమెత్తున ఉండేది, నెమళ్లు అరిచేవి కానీ కనిపించేవి కావు, మోదుగాకుల మీద గొంగళి పురుగులు, రేలచెట్లకు వేలాడే నల్లటి కాయలు, అవి ఊపితే లోపల గింజలు గలగలలాడేవి, వాటితో మేము మేళం వాయించేవాళ్లం. కళ్లు విచ్చిన సీతాఫలాలను ఏరి గడ్డిలో దాచి, వచ్చేటప్పుడు తీసుకుందామని గుర్తులు పెట్టుకుని, ఆ గుర్తుల మీద తగువులాడేవాళ్లం. పొట్ట ఉన్న మా కాక ఎక్కుడు రాగానే రొప్పుతూ ఆగిపోతే మేనత్త అనేది, "తమ్మీ, నడుస్తున్నవా, గుట్టనే నీ దిక్కు నడిచొస్తదని సూస్తున్నవా?"

ఈ నడకకు మా బాపమ్మ, అంటే బాపు తల్లి, రెండు కట్టడులు పెట్టింది. అందరికంటే మెల్లగా నడిచేవాళ్లు అందరికంటే ముందు నడవాలి, వాళ్లను ఎవరూ దాటకూడదు. ఆమె మాత్రం అందరికీ వెనక. అట్లా మా వరసకు ముందు ఎప్పుడూ నా చెల్లె రాజి ఉండేది, చిలుక కనిపిస్తే ఆగేది, చీమల బారు కనిపిస్తే కూర్చునేది, వెనక పదముగ్గురం నిలబడి చూసేవాళ్లం.

రెండో కట్టడి రాళ్లది. గుట్ట మీద రెండు పెద్ద బండల నడుమ మనిషి పట్టేంత సందు ఉండేది, దాన్ని దర్వాజ అనేవాళ్లం. పోయేటప్పుడు ఒక్కొక్కరు తలా ఒక రాయి ఏరి అక్కడి బండ మీద పెట్టాలి. వచ్చేటప్పుడు ఎవరి రాయి వాళ్లు తీసి అవతలికి విసిరి దాటాలి. మనుషులను వేలు చూపి లెక్కపెడితే ఆయుష్షు తరుగుతుందని బాపమ్మ నమ్మకం. చివర్న వచ్చిన ఆమె బండ మీద తన రాయి ఒక్కటే ఉంటే అందరూ దాటినట్టు, ఇంకొకటి ఉంటే వెనక్కి తిరిగినట్టు. చిరుతలు తిరిగే ఆ గుట్ట మీద ఇన్నేళ్లూ ఒక్క పిల్ల తప్పిపోలేదు.

నాకు తొమ్మిదేళ్లు, రాజికి ఐదేళ్లు ఉన్నప్పటి మాట. ఆ ఏడు రాజికి ఈ పలుగురాయి దొరికింది. ఏటి ఒడ్డు చేరేదాకా అదే పాట, నా రాయి నీ రాయికన్న మంచిగున్నది అని. ఏట్లో మునిగాం, ఇసుకలో చెలిమెలు తోడుకుని తాగాం, అమ్మ పచ్చిపులుసు కలిపింది, మోదుగు విస్తళ్లలో తిన్నాం. అన్నీ తింటూనే నేను ఆ రాయి తలుచుకుని కుళ్లుకుంటూనే ఉన్నాను.

పొద్దు వాలకముందే మబ్బు పట్టింది. గాలికి విస్తళ్లు ఎగిరాయి. అమ్మ రాజిని నీళ్ల పక్కన పొదల చాటు బండ మీద కూర్చోబెట్టి, "ఈడనే ఉండు బిడ్డా, బోళ్లు తోమి వస్త" అని దూరంగా పోయింది. ఉరుము ఉరిమింది. చినుకు రాకముందు చెట్లు దాటాలని బాపు తొందరపెడితే, ఎవరి చేతికి అందిన మూట వాళ్లు అందుకున్నారు, చంటిపిల్లల్ని చంకనేసుకున్నారు. రాజిని కాక ఎత్తుకున్నాడని అమ్మ అనుకుంది, అమ్మ ఎత్తుకుందని కాక అనుకున్నాడు. ఆ రోజు మెల్లగా నడిచేవాళ్లు ముందుండాలన్న కట్టడి ఎవరికీ గుర్తు రాలేదు. నేను అందరినీ దాటి పరుగెత్తి దర్వాజ దగ్గరికి మొదట చేరాను. నా రాయి తీసి విసిరాను. పక్కన రాజి రాయి తెల్లగా మెరుస్తోంది. దాన్ని లాగు జేబులో వేసుకున్నాను. వచ్చి వెతుక్కుంటుంది, ఏడుస్తుంది, ఇంటికి పోయాక చూపిస్తాను, అంతే. అంతకుమించి నా బుర్రలో ఏమీ లేదు.

చివర్న బాపమ్మ వచ్చింది. వానలో నిలబడి బండ మీద చెయ్యి పెట్టి తడిమి మరీ చూసిందట. తన రాయి ఒక్కటే ఉంది. తీసి విసిరి దిగింది.

ఇంటి గడపలో అమ్మ కాకను అడిగింది, రాజేదని. అప్పటికి వాన గుట్ట మీద గోడ కట్టినట్టు పడుతోంది, దారిలోని వాగు పొంగింది. బాపూ కాకా రెండుసార్లు దిగి రెండుసార్లూ వెనక్కి వచ్చారు. తెల్లారాక నీళ్లు తీసినప్పుడు పోయి తెచ్చారు. రాజి కూర్చున్న బండ దిగలేదట. ఏడ్చుకుంటూ ఎటో పోయి ఉంటుందని అందరూ భయపడిన పిల్ల అసలు ఏడవలేదట. అమ్మ ఒళ్లు తుడుస్తుంటే పళ్లు టకటకలాడుతూ అంది, "నా రాయి ఉన్నది గద. బాపమ్మ సూస్తది, మల్లొస్తది అనుకున్న."

ఎనిమిదో రోజు జ్వరంలో పోయింది. దవాఖాన దాకా తీసుకుపోయేందుకు బండి కట్టారు, ఎద్దులు చెరుకు తోట దాటకముందే బండి వెనక్కి తిప్పారు.

బాపు తన తల్లి ముఖం చూడకుండా అన్నాడు, "అవ్వా, నీ లెక్క నా బిడ్డను మింగింది." బాపమ్మ ఒకటే మాట అన్నది, "రాయి లేదురా. నా కండ్లతోని సూసిన, చేత్తోని తడిమిన." ఎవరూ నమ్మలేదు. ముసలిదానికి చూపు ఆనలేదన్నారు. మేనత్త కూడా, అందరినీ నవ్వించే ఆ మనిషి కూడా, తల తిప్పుకుంది. నేను గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాను. జేబులో రాయి తొడకు ఒత్తుకుంటోంది. నోరు తెరిస్తే బాపు చంపుతాడని భయం. మర్నాడు చెబుదామనుకున్నాను, దినాలు అయ్యాక చెబుదామనుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ వంటలకు పోలేదు. బాపమ్మ మూడేళ్లు బతికింది. ఆ మూడేళ్లూ ఆమె చేతికి ఏ పనీ అప్పజెప్పలేదు, పిల్లల్నసలే ఇవ్వలేదు. ఎండలో కూర్చుని తన అరచెయ్యి తానే చూసుకునేది. ఒకసారి నన్ను పిలిచి, "నువ్వు ముందు పోయినవు గద బిడ్డా, చెల్లె రాయి సూసినవా?" అని అడిగింది. చూడలేదన్నాను. ఆమె తలూపి, మళ్లీ ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు ఆ గుట్ట లేదు. కొన్నేళ్ల కింద కంకర మిషన్లు వచ్చినప్పుడు నేను కనపడ్డ ఆఫీసుకల్లా అర్జీలు రాశాను. ఒకచోట కుర్చీలో ఉన్న పిల్లవాడు మర్యాదగానే అడిగాడు, "తాతా, గా గుట్ట మీద గుడి ఉన్నదా, దర్గా ఉన్నదా, ఏమున్నది?" రాళ్లున్నాయన్నాను. పక్కవాళ్లు నవ్వారు. తునికి చెట్లు పోయాయి, నెమలి అరుపు పోయింది, ఏటి ఇసుక లారీలకెక్కి ఏ పట్నం మేడలయిందో. ఈ దుర్మార్గం మీద చేతులు నొప్పిపుట్టేలా రాశాను. కానీ రాసిన ఏ అర్జీలోనూ నా సంగతి రాయలేదు. ఇతరుల తప్పు మీద కోపం తెచ్చుకోవడం తేలిక, నాకు అదొక్కటే బాగా వచ్చు.

పోయినేడు చివరిసారి ఆటోలో పోయాను, ఈ రాయి జేబులో వేసుకుని. దాన్ని తీసిన చోటే పెట్టి, బాపమ్మ చెయ్యి పెట్టిన బండ మీద నేనూ చెయ్యి పెట్టి, ఆమె లెక్క తప్పలేదని ఒక్కసారి పైకి చెప్పి వద్దామని. దర్వాజ ఉన్న చోట కింద పెద్ద గొయ్యి, అందులో పాచి పట్టిన నీళ్లు. పైన దర్వాజ ఉండాల్సిన ఎత్తులో ఖాళీ ఆకాశం. చెయ్యి చాపినా అందని చోట రాయి ఎక్కడ పెడతాను? ఆటో అబ్బాయి వెయిటింగ్ ఎక్కువవుతుందన్నాడు. తిరిగొచ్చి మళ్లీ కాగితాల మీద పెట్టాను.

ఇవాళ కోడలు బల్ల తుడిచింది. రాయి ఇంకా తడిగానే ఉంది.