అట్ట మీది చేప

ఆ రోజుల్లో, ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళోని మా కద్మా వీధికి లోకం సంగతులు మోసుకొచ్చేది రేడియో అత్త. (ఆవిడకు బ్యాటరీలతో పని లేదు.) నీళ్ళ మీది తళతళను ఆపేసి అడుగునున్న చేపను చూపించే కళ్ళద్దాలు జుగ్సలాయి బజారులో అమ్ముతున్నారని మాకు మొదట చెప్పింది ఆవిడే. నేను ఆ పూటే దేవుడి దగ్గర దీపం పెట్టాను. ఎందుకంటే మా చిన్నాన్న కొన్ని నెలలుగా ప్రతి ఆదివారమూ ఖర్కాయ్ నది ఒడ్డున గాలం వేసి, ఖాళీ బుట్టతో తిరిగొస్తున్నాడు. మెరుపులో బెండు మునిగిందో తేలిందో తెలియడం లేదనేవాడు. పిన్ని ఆ గాలాన్ని అటకెక్కిస్తానంటోంది.

బడికి వెళ్ళని నాకు అక్షరాలు దిద్దించింది చిన్నాన్నే. ఫ్యాక్టరీలో ఉక్కు కరిగించే ఫర్నేసు దగ్గర కాగి కాగి వచ్చి, స్నానం చేసి, పక్కన కూర్చోబెట్టుకుని పద్యాలు చదివించేవాడు. ఆ మధ్య మాత్రం "నువ్వే చదువమ్మీ, నాను ఇంటాను" అని కళ్ళు మూసుకునేవాడు. నా చదువు అంత ఇంపుగా ఉందని మురిసిపోయాను. కళ్ళ మంట మా వీధిలో జబ్బు కింద లెక్క కాదు. ఫర్నేసు మనిషికి కళ్ళు మండకపోతేనే పని ఎగ్గొడుతున్నాడని అనుమానించేవారు.

పిన్నీ నేనూ జుగ్సలాయి వెళ్ళాం. కళ్ళద్దాల కొట్టాయన రెండు జతలు ముందు పెట్టాడు. ఒకటి కాటుకలా నల్లగా, రెండోది లేత గోధుమరంగులో. పిన్ని నల్లదానికే మొగ్గింది. ఫర్నేసులోకి చూసే నీలం అద్దం ఎంత ముదురైతే కళ్ళకు అంత చలవని పెళ్ళైన నాటి నుంచీ విన్న మనిషి. కొట్టాయన హిందీలో నవ్వి, నలుపుతో పని కాదు, పోలరైజ్డ్ అయితేనే మెరుపు ఆగుతుందంటూ ఒక అట్ట ఇచ్చాడు. మామూలుగా చూస్తే అది ఉత్త బూడిదరంగు. నల్ల అద్దాల్లోంచి చూసినా అంతే. గోధుమరంగువి పెట్టుకోగానే ఎర్రటి చేప ప్రత్యక్షమైంది. కొట్లోనే దండం పెట్టాను. (చేపకో, కొట్టాయనకో ఇప్పటికీ తేల్చుకోలేదు.)

ఇంటికొచ్చి, అందరి ముందూ చిన్నాన్నకు అద్దాలు పెట్టి అట్ట చేతికిచ్చాను. దగ్గరగా పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు.

"అగుపడతందా చిన్నాన్నా?"

"ఎందుకగుపడదమ్మీ? బొచ్చె చేప. మంచి బరువున్నాది."

ఆయన చూస్తున్నది అట్ట వెనకవైపు. తెల్లటి ఖాళీ కాగితం.

"ఏటన్నయ్యా, ఖాళీ అట్టలో కూడా చేప పట్టీసినావా?" అంది రేడియో అత్త. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మమ్మల్ని నవ్వించడానికే అలా చేశాడనుకున్నాను. ఆయనా నవ్వాడు. ఏడాది పాటు, వచ్చిన ప్రతి చుట్టానికీ ఆయన ఎదుటే ఆ కథ చెప్పాను. బుట్ట మాత్రం ఖాళీగానే వచ్చేది. నేను కొట్టాయన్ని తిట్టుకునేదాన్ని.

చివరికి ఒకరోజు చిన్నాన్న గడప కనిపించక పడితే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం పోయిందన్నారు. ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే కొంత చూపైనా నిలబెట్టేవాళ్ళమన్నారు. ఏడాది ముందంటే మేము నవ్విన రోజు. ఎందుకు చెప్పలేదని ఏడిస్తే, "ఎంత సంబరంగా తెచ్చినావమ్మీ. అగుపడ్డం లేదని ఎలాగంటాను?" అన్నాడు.

ఆ అట్ట నా పూజ పుస్తకంలోనే ఉంది. నాకూ చత్వారం వచ్చింది. తీసినప్పుడల్లా ముందు ఏ వైపుందో తిప్పి చూసుకుని, ఈ జాగ్రత్త ఇన్నాళ్ళకు వచ్చిందా అని నన్ను చూసి నేనే నవ్వుకుంటాను. చదవడం నేర్పిన ఆ చేతికి రోజూ మొక్కుతాను. మీ ఇంట్లో ఏ పెద్దాయనైనా "నువ్వు చదువు, నేను వింటాను" అంటే, మురిసిపోయే ముందు మా చిన్నాన్నను ఒక్కసారి తలుచుకోండి.