ఐదో నెల స్కానింగ్ రిపోర్టు

మా ఆవిడ సుజాతకి అప్పుడు ఐదో నెల. మేం ద్రాక్షారామంలో ఉండేవాళ్లం. వీధుల్లో నెట్ సెంటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చేసరికి డాక్టరమ్మ ఊరెళ్లారు. నాలుగు రోజులాగి రమ్మని నర్సు చెప్పింది. రిపోర్టులో, కడుపులో బిడ్డకి ఆహారం అందించే మాయ గర్భసంచి కింది భాగంలో ఉందని రాశారు. ఆత్రం ఆగక నెట్ సెంటర్‌కి వెళ్లి వెతికాను. ఎవరో ఒకావిడ తనకూ ఇలాగే ఉండి, తొమ్మిదో నెలలో రక్తస్రావమై బిడ్డ దక్కలేదని రాసింది. అదంతా ప్రింటు తీయించుకుని ఇంటికొచ్చాను.

సుజాతకి చెప్పలేదు. మంచం దిగనివ్వకుండా వంట నేనే చేశాను, జడ కూడా వేశాను. "ఏంటండీ ఈ సేవలు?" అని నవ్వేది. నేను పెరట్లోకి వెళ్లి ఏడ్చేవాణ్ణి.

నాలుగో రోజు సుజాతను వెంటబెట్టుకుని వెళ్లి, డాక్టరమ్మ ముందు ఆ కాగితాలు పెట్టి భోరుమన్నాను. ఆవిడ మొత్తం చదివారు.

"పాపం, ఈవిడ తన కష్టం రాసుకుందండి. అది తొమ్మిదో నెల సంగతి. మీ ఆవిడకి ఐదో నెలే కదా! నెలలు పెరిగేకొద్దీ చాలామందికి మాయ పైకి జరుగుతుంది. మళ్లీ స్కానింగ్ చేసి చూద్దాం" అన్నారు.

తలుపు దగ్గర తమ వంతు కోసం కూర్చున్నవాళ్లంతా నావైపే చూస్తున్నారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

బస్సులో సుజాత నా చెయ్యి పట్టుకుని, "నాలుగు రోజులు ఒక్కరే ఎలా మోశారండీ? నాకు చెప్పొచ్చుగా" అంది.

తర్వాతి స్కానింగ్‌కి మాయ పైకి జరిగింది. పాప క్షేమంగా పుట్టింది. ఇప్పటికీ నెట్‌లో ఏది చదివినా, రాసిందెవరో, ఎవరి గురించో చూస్తాను. అయినా భయమేస్తే మాత్రం ముందు సుజాతకే చెబుతాను.