ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కి

ఆ బుధవారం పొద్దున మా కార్ఖానాలోని పాత కంప్యూటర్ నల్ల తెర మీద ఇంగ్లీషులో నాకు ఒక మాట చెప్పింది: మీ గడువు ముగిసింది. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాను. మళ్లీ అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్లుగా దాని దుమ్ము తుడుస్తున్నది నేను, నాకు గడువు చెప్పడానికి అదెవరు?

పాతబస్తీలో మాది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ పని. మావారు బట్టల కొట్లో కూర్చుంటారు, కార్ఖానా చూసేది నేను. హాలు మాత్రం మాకూ మా మరిదికీ ఉమ్మడి. ముందు గదిలో ఆ కంప్యూటర్, వెనక హాల్లో నాలుగు మిషన్లు, గోడ వెంబడి ఒక నల్ల కేబుల్. నేను గీసిన డిజైన్ ఆ కేబుల్ గుండా మిషన్‌కు వెళితే అది జాకెట్టు గుడ్డ మీద కుడుతుంది. ఈ రాకపోకలన్నీ చూసే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ మిషన్లతో పాటే వచ్చింది, తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మామిడి పిందెల దగ్గర్నుంచి నెమళ్ల దాకా ఇన్నేళ్లుగా నేను గీసినవన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. లాగిన్ కాకపోతే అవి లేనట్టే. వేరేచోట కాపీ పెట్టుకోలేదా అని అడగకండి. పెట్టుకోలేదు. బుద్ధి తక్కువ.

మా మరిది ఎవరో కంప్యూటర్ రిపేరు చేసే అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. అతను అరగంట అటూ ఇటూ నొక్కి చూసి చేతులు దులుపుకున్నాడు.

“మేడం, ఈ సాఫ్ట్‌వేర్ల తేదీకి ఇచ్చిన జాగా గింతే. అది నిండిపోయింది. ఇయ్యాల ఏ రోజో దానికే తెల్వదు. తీసి పారేసుడే.”

సంగతి అర్థమైంది. స్కూటీ మీటర్లో తొమ్మిదులన్నీ అయిపోయి మళ్లీ సున్నాలు వచ్చినట్టు, దాని తేదీ మొదటికొచ్చింది. ఆ తికమకలో మా అందరి గడువూ తీరిపోయిందని లెక్క కట్టుకుంది.

“మరి నా డిజైన్లు?” అన్నాను.

“కొత్త సిస్టం తెచ్చుకొని కొత్తవి గీస్కోండ్రి మేడం.”

మరిది అందుకున్నాడు. “లొల్లి ఎందుకు వదినా? మిషన్లు పాత సామాన్ల కబాడీకి ఇచ్చేద్దాం. హాలు గోదాముకు ఇస్తే ఇగ ఫికరే ఉండదు.”

గోదాము ఆలోచన అప్పటికప్పుడు పుట్టింది కాదని అతని మొహం చూస్తేనే తెలిసింది. “ముందుగాల ఇద్దరూ బయటికి నడువుండ్రి. నేను చూస్కుంట,” అన్నాను.

దానికి ఈ రోజు తెలియకపోతే తెలిసిన రోజే చెబుదామనుకుని, తేదీని పదేళ్లు వెనక్కి తిప్పాను. లాగిన్ అయింది. డిజైన్లన్నీ వరసగా కనబడ్డాయి. మిషన్లు కదిలాయి. మా మరిదికి వినబడేలా నవ్వాను, అబద్ధమెందుకు.

గురువారం పొద్దున మళ్లీ మొండికేసింది. ఈసారి వేరే మాట: ఈ రోజు మీకు అనుమతి లేదు. గుమ్మంలో నిలబడి మరిది “చెప్పిన గదా వదినా” అన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అతని ముందు మాత్రం ఏడవనని పళ్ల బిగువున ఆపుకున్నాను.

మొదట్నుంచీ మిషన్లు నడుపుతున్న మా మాస్టర్ కళ్లద్దాలు సర్దుకుని తెర మూలన ఉన్న వారం పేరు చదివాడు. “భాభీ, ఇది ఇయ్యాల జుమ్మా అంటుంది. మిషన్ మాట ఇని నన్ను నమాజుకు పొమ్మంటరా ఏంది?”

అప్పుడు వెలిగింది. శుక్రవారం మా కార్ఖానాకు సెలవు. ఎవరూ లేనప్పుడు దూరి నా డిజైన్లు ఎత్తుకుపోకుండా, ఆ రోజు లాగిన్ కాకూడదని సాఫ్ట్‌వేర్‌లో తాళం పెట్టించింది నేనే. పదేళ్ల కిందట ఇదే తేదీ శుక్రవారం పడింది. నా తాళంలో నేనే ఇరుక్కున్నాను. అయినా దాన్ని తీయించాలనిపించలేదు. మరిది గోదాము మాటెత్తాక అసలే తీయను.

కాగితం తీసుకుని కూర్చున్నాను. వారానికి రోజులు ఏడు. లీపు సంవత్సరం నాలుగేళ్లకోసారి. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. అన్నేళ్లు వెనక్కి వెళితే తేదీకి వారం తప్పదు, ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కూడా దాని చోట అదే వస్తుంది. తిప్పాను. తెర మూలన గురువారం అని పడింది. మాస్టర్ నెమలి డిజైన్ పంపించమన్నాడు, పంపించాను. శుక్రవారం ఎవరినీ రానివ్వలేదు, శనివారం బుద్ధిగా తెరుచుకుంది.

“ఎన్ని దినాలు గిట్ల నెట్టుకొస్తవ్ వదినా?” అని మరిది అడిగాడు.

“ఇంకో ఇరవై ఎనిమిదేండ్లు. అప్పటికి నాకు ఎనభై దాటుతయి. గోదాము సంగతి అప్పుడు మాట్లాడుదాం.”

ఇప్పుడు నేను గీసే ప్రతి డిజైన్ పక్కనా ఇరవై ఎనిమిదేళ్ల కిందటి తేదీ పడుతోంది. ఆ ఏడు నేను ఈ ఇంటికి కొత్త కోడలిని. అప్పట్లో ఈ హాల్లో చేత్తో ఎంబ్రాయిడరీ కుట్టే మగ్గాలుండేవి. టీ తెచ్చి గడప దాటబోతే, ఆడవాళ్లకు లోపలేం పని అని మా మామగారు ట్రే బయటే అందుకుని పంపించేశారు. నిన్న ఒక కొత్త నెమలి పూర్తి చేసి దాని తేదీ చూసుకున్నాను. ఆ ఏడాదే. ఎవరైనా ఇప్పుడొచ్చి ఆ తేదీ తప్పు, సరిచేస్తామంటే చెయ్యి వేయనివ్వను.