బాపు వేయించిన మస్టర్

బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. మా బాపు కొమురెల్లి ముప్పై మూడేళ్లు బాయిలోకి దిగాడు. దిగే ముందు మస్టర్ వేయించుకోవాలి, అంటే హాజరు పుస్తకంలో పేరు ఎక్కించుకోవాలి. ఆ అలవాటు ఆయనకు ఒంట్లో ఇంకిపోయింది. నా బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినా, "మస్టర్ ఏది మేడం?" అని ముందుగా అడిగేవాడు. పిల్లలు నవ్వేవారు.

దాని వెనక నర్సింగం కాక ఉన్నాడు. బాపు దోస్తు. ఒకరోజు పొద్దున షిఫ్టుకు ఆలస్యంగా వచ్చి, మస్టర్ తర్వాత వేయించుకుంటానని దిగాడు. లోపల పైకప్పు కూలింది. పుస్తకంలో పదకొండు పేర్లు, బయటపడ్డది పదకొండు మంది. లెక్క సరిపోయిందని వెతకడం ఆపేశారు. మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చిన బాపు, "నర్సింగం ఏడి?" అని అడిగేదాకా ఎవరికీ గుర్తులేదు. తీసేసరికి ప్రాణం పోయింది, ఒళ్లు మాత్రం ఇంకా వెచ్చగానే ఉందట. "మస్టర్ పడని మనిషి లేనట్టే బిడ్డా" అని బాపు ఎన్నిసార్లు అన్నాడో.

రిటైరయ్యాక ఎర్రకుంటలో మా పాత ఇంట్లోనే ఉన్నాడు. ఈలోగా నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని పొలాలన్నీ తినుకుంటూ ఊరి దగ్గరికి వచ్చింది. రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగ్. గిన్నెలు కిందపడేవి, గోడలు పగిలేవి. ఆరేసిన బట్టలు నల్లబడేవి. పక్కింటి నుస్రత్ బేగానికి ఉబ్బసం ముదిరింది. ఇప్పుడు గనిని ఇంకా పెంచుతారట, దానికి ప్రజాభిప్రాయ సేకరణ అని టెంటు వేశారు. ఆ పెంపు ఆపితేనే ఊరు నిలుస్తుంది. బాపు రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి అందరినీ తీసుకొచ్చాడు.

టెంటు ముందు బల్ల మీద గీతలు కొట్టిన కాగితాలు పెట్టారు. నుస్రత్ బేగం పెన్ను పట్టుకుని ఆగింది.

"అన్నా, పైన ఖాలీ ఉంది. ఏం రాయలే."

"మస్టర్‌కు పైన రాతెందుకు చెల్లె? జల్ది పెట్టు. పేరు పడకుంటే నువ్వు రానట్టే."

"ఇంత లావున్న, కనబడనా?"

వెనక వాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వి సంతకం పెట్టింది. మొత్తం రెండు వందల పన్నెండు సంతకాలు. మొదటిది బాపుది.

మైకులో ఆయన రెండే ముక్కలు మాట్లాడాడు. "బొగ్గు తీసి బతికినోన్ని. బొగ్గు వద్దంటలేను, మా ఇండ్ల మీదికి రాకున్రి అంటున్న." ఊరంతా చప్పట్లు కొట్టింది. రాతపూర్వకంగా కూడా అభ్యంతరం ఇవ్వాలని మాకెవరూ చెప్పలేదు.

ఎనిమిది నెలల తర్వాత, గని పెంపు ఆపాలని బాపు ఇచ్చిన అర్జీ మీద మా ఎమ్మెల్యే శాసనసభలో ప్రశ్న వేశాడు. ప్రభుత్వం ఇచ్చిన జవాబును నేనే ఫోన్లో చూసి చదివి వినిపించాను. రెండు వందల పన్నెండు మంది సంతకాలతో సమ్మతి తెలిపారు, అభ్యంతరాలేవీ అందలేదు. చివర ఆ కాగితాలే జతచేసి ఉన్నాయి. పైన ఖాళీగా ఉన్న జాగాలో ఇప్పుడు ఒక వరుస టైపు చేసి ఉంది: 'విస్తరణకు సమ్మతించిన గ్రామస్తులు'. ఎవరు టైపు చేశారో ఈనాటికీ తెలియదు.

"మల్ల చదువు" అన్నాడు బాపు. మూడుసార్లు చదివాను. నాలుగోసారి నా వల్ల కాలేదు.

ఆ తర్వాత ఆయనకు ఒకటే పని. సభలో పెట్టిన ఆ జవాబు తప్పని సభ చేతనే అనిపించాలి. సభ అర్జీల కమిటీకి రాస్తే, సమ్మతించలేదని ఎవరికి వారు రాసివ్వాలన్నారు. బాపు మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు.

"మల్ల సంతకమా కాకా?" అన్నాడు కిరాణా కొట్టు కిషన్, నలుగురి ముందు. "మొదటిదానికే ఊరు పాయె. ఇగ దీనికి ఏం పోతది, నా త్రాసా?"

బాపు తల దించుకుని బయటికి వచ్చాడు. పంతొమ్మిది మంది మాత్రం రాసిచ్చారు. అందరికంటే ముందు నుస్రత్ బేగం. ఆమె కాగితం చివరి అక్షరం దాకా నాతో చదివించుకుని, అప్పుడు పెన్ను అందుకుంది.

రామగుండంలో రైలెక్కి ఆరుసార్లు హైదరాబాద్ వెళ్లాం. చివరికి విచారణకు తేదీ ఇచ్చారు. దానికి పదకొండు రోజుల ముందు ఎన్నికలని సభ రద్దయింది.

"సభతోటి నీ అర్జీ కూడ పోయినట్టే పెద్దాయనా" అన్నాడు అక్కడి గుమాస్తా. "కొత్త సభ వచ్చినంక మల్ల పెట్టుకో."

"మరి ఆ జవాబు పోయిందా సార్?"

"అదెట్ల పోతది? అది రికార్డు."

తిరుగు రైల్లో బాపు దగ్గుతూనే ఉన్నాడు. నెల తిరగకముందే దవాఖానలో చేర్చాను. చేర్చుకునే కాగితం చేతికిస్తే, ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి అడిగాడు, "పైన ఏం రాసుంది బిడ్డా?" చదివాను. "మొత్తం చదువు." నర్సు విసుక్కుంది. మొత్తం చదివినా ఆయన వేళ్లు పెన్ను పట్టలేదు. నేనే సంతకం పెట్టాను. నాలుగో రోజు పోయాడు.

కొత్త సభ వచ్చింది. రెండో విడత విస్తరణకు మళ్లీ టెంటు వేశారు, మళ్లీ బల్ల మీద కాగితాలు పెట్టారు. నుస్రత్ బేగం బల్లకు అడ్డంగా నిలబడింది.

"ఎవ్వరు ముట్టకున్రి. కొమురెల్లి అన్న సచ్చిపోయి చెప్పిండు."

ఎవరూ ముట్టలేదు. కిషన్ కూడా. మైకులో మాత్రం చీకటి పడేదాకా మాట్లాడారు, ఏడ్చారు. నేనూ మాట్లాడాను. తొలి సంతకాలు అంత పని చేశాక, అభ్యంతరాన్ని కాగితం మీద రాసిద్దామంటే ఊళ్లో ఒక్కరూ వినలేదు. నేనూ గట్టిగా అనలేకపోయాను.

మొన్న నివేదిక వచ్చింది. హాజరైనవారు: ఎవరూ లేరు. అభ్యంతరాలు: లేవు.

ఆ రోజు టెంటు కింద మూడు వందల మందికి పైనే ఉన్నాం. ఒక్కరికీ మస్టర్ పడలేదు.