పక్కింటి అక్క వేసిన బ్రేకులు

మా పక్కింటి అక్క పోయింది. ఆ కబురు నాకు చెప్పినవాడు ఆమె మరిది. నేను పళ్లు తోముకుంటుంటే ప్రహరీగోడ మీదుగా తల పెట్టి, "వదిన తెల్లారుజామున పోయిందయ్యా. కారు తాళాలు మీ ఇంట్లో ఏమన్నా పెట్టిందా?" అన్నాడు. రెండు మాటల మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు.

ఆమెకూ నాకూ చుట్టరికం లేదు, మధ్యలో గోడ ఒకటుంది. ఈ వీధిలో నేను పోట్లాడని మనిషి ఆమె ఒక్కతే. మంచివాళ్లు పుస్తకాల్లోనూ బయటా నాకు తొందరగా విసుగు పుట్టిస్తారు. ఈమె నవ్వించేది.

పెద్దకర్మ నాడు విస్తళ్ల ముందు మరిది లేచి నిలబడి, "వదినకు ఏ లోటూ రానీలేదు. ఆఖరికి కారు వెనక బ్రేకులు కూడా నేనే దగ్గరుండి వేయించినా" అన్నాడు. పప్పు వడ్డిస్తున్నారని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

భర్త పోయాక ఆమె డ్రైవింగు నేర్చుకుంది. పాత కారు అమ్మి కొన్న కొత్తదాంట్లో చేతిబ్రేకు కర్ర లేదు, దాని చోట వేలెడంత స్విచ్చి ఉంది. పైకి లాగితే వెనక చక్రాల దగ్గర మోటార్లు జుయ్‌మని తిరిగి బ్రేకు పడుతుంది. "చేద లేని బావి మాదిరుందబ్బా" అని మొదటిరోజు ఎగతాళి చేసింది. వారం తిరిగేసరికి అలవాటు పడింది. శుక్రవారం వస్తే మనుబోలులో కూతురి దగ్గరికి పోయేది. దారిలో గూడూరు ఆస్పత్రికి పోవాల్సినవాళ్లను ఎక్కించుకునేది. ఎక్కినవాళ్లే దిగాక, "ఈ వయసులో ఈమెకు కారేంది" అనేవాళ్లు. వాళ్ల పేర్లు రాయను. చదువుతుంటే వాళ్లకే తెలుస్తుంది.

నిరుడు వెనక చక్రాలు కీచుమనడం మొదలుపెట్టాయి. బ్రేకు ప్యాడ్లు అరిగాయి, పైగా మా చిట్టమూరు వైపు ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. ఆ కూత విని మరిది సంబరపడ్డాడు.

"చూసినావా వదినా! బండి చూసుకోడం ఆడోళ్ల వల్ల అయ్యే పని కాదు. ఆదివారం వస్తా, తాళాలు నాకిచ్చెయ్. మనుబోలు పోవాలంటే ఒక మాట చెప్పు, తీరికుంటే తీసకపోతా."

ఆ 'తీరికుంటే' అన్న మాట ఆమెకు గుచ్చుకుంది. గూడూరు మెకానిక్కు ఈ రకం బ్రేకు నా వల్ల కాదన్నాడు. షోరూమువాళ్లు ఆదివారంలోపు కుదరదన్నారు. ఆమె ప్యాడ్లు మాత్రం కొనుక్కుని వచ్చి, శనివారం పొద్దున గోడ దగ్గర నిలబడింది.

"తమ్ముడూ, అన్ని పుస్తకాలు చదువుతావు గదా, ఇదొకటి చదువు. రాసింది చదివితే సగం రిపేరయినట్టే."

కూతురు ఫోనుకు పంపిన రిపేరు పుస్తకం అది. నేను చదివి తెలుగులో చెప్పాను, ఆమె చేసింది. పొలంలో ఆయిలింజన్ల మధ్య పెరిగిన మనిషికి స్పానరు కొత్తకాదు. బండి కదలకుండా ముందు చక్రాలకు రెండు రుబ్బురోలు పొత్రాలు అడ్డం పెట్టింది. ఒకటి వాళ్లింటిది, ఒకటి మా ఇంటిది.

మామూలు కార్లో పాత ప్యాడ్లు తీసి, వాటిని నెట్టే పిస్టన్‌ను లోపలికి నొక్కితే చాలు. ఇందులో ముందు మోటారును వెనక్కి రప్పించాలి, లేకుంటే అది విరుగుతుంది. పుస్తకంలో చెప్పినట్టే పెడలు తొక్కి స్విచ్చి నొక్కింది. స్టీరింగు ముందున్న తెరమీద అక్షరాలొచ్చాయి.

"ఏమంటాంది?"

"రిపేరు చేసుకోవచ్చు అంటోంది."

"మర్యాద తెలిసిన బండి. మా ఇంటోళ్లకంటే మేలు!"

ఒక చక్రం అయింది. రెండోదాని పిస్టన్ ఉండే పట్టీ విప్పి చేతిలో పట్టుకుని ఉండగా మరిది వచ్చాడు, ఒకరోజు ముందుగానే. "ఏంది వదినా ఈ వేషాలు?" అంటూ తిన్నగా డ్రైవరు సీట్లో కూర్చుని స్విచ్చి పైకి లాగాడు.

జుయ్‌మంది. పట్టుకోవడానికి ఎదురుగా ఏమీ లేక పిస్టన్ బయటికి రావడం మొదలుపెట్టింది. ఊడిపడితే బ్రేకు నూనె నేలపాలు, కారు షోరూము పాలు, తాళాలు మరిది పాలు. అక్క చటుక్కున పక్కనున్న చెక్కముక్క తీసి సందులో దూర్చింది. పిస్టన్ దాన్ని కరుచుకుని ఆగింది.

"చెయ్యి తియ్యబ్బా! ఎవురు ముట్టుకోమన్నారు?"

"నేనేం చేసినా? ఊరికే చెయ్యి పెట్టినా, అంతే."

"మీ వంశంలో అందురూ ఊరికే పెట్టినోళ్లే!"

నేను ఫోను కింద పెట్టి మరీ నవ్వాను. ఆమె మళ్లీ మోటారును వెనక్కి రప్పించి, కొత్త ప్యాడ్లు బిగించి, పెడలు గట్టిపడేదాకా తొక్కి, వీధి చివరిదాకా పోయి వచ్చింది. కీచుమని ఒక్క కూత లేదు. మరిది 'దగ్గరుండి వేయించింది' ఇదే.

దిగి తాళాలు ఆయన ముందు ఆడించింది. "కావాల్నా? తెరమీద ఏం రాసుందో చదివి బండిని కదిలించు, ఇచ్చేస్తా." ఆయనకు ఎక్కడో పని గుర్తొచ్చింది.

పెద్దకర్మ మర్నాడు మరిది తాళాలు వెతికి పట్టుకున్నాడు. రిపేరు నాటి నుంచి అక్క బండి ఆపినప్పుడల్లా చక్రాల ముందు పెట్టే పొత్రాలు గోడవారకు దొర్లించి, ఎక్కి, ఇంజను వేశాడు. అక్క కడసారి వేసిన బ్రేకు అలాగే ఉంది. స్విచ్చి ఎంత నొక్కినా అది వదల్లేదు. పెడలు మీద కాలు పెట్టమని ఎదురుగా తెరమీద వెలుగుతూనే ఉంది.

"ఏమయ్యా, చదువుకున్నోడివి గదా! ఇది కదల్దేంది?"

"రాసుందేమో చూడు" అని కాఫీ తాగుతూ కూర్చున్నాను. అంతకు మించి సాయం చేసే గుణం నాకు లేదు.

ఇంట్లోంచి అక్క కూతురు వచ్చి కాసేపు చూసింది. "దిగు చిన్నాయనా" అంది. ఆయన దిగాడు. ఆ అమ్మాయి కూర్చుని, తెరవైపు ఒకసారి చూసి, పెడలు తొక్కి స్విచ్చి నొక్కింది. జుయ్‌మంది. కారు వాళ్లమ్మ నడిపినట్టే నెమ్మదిగా గేటు దాటి, మనుబోలు దారి పట్టింది. మలుపు తిరిగేదాకా చెవిపెట్టి విన్నాను. వెనక చక్రాల నుంచి చిన్న చప్పుడైనా రాలేదు.

వాళ్ల గోడవారన పొత్రాలు రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మాది నేనింకా తెచ్చుకోలేదు.