డెల్మర్ కొలత పలక

డెల్మర్ స్టకీ ముప్పై ఏళ్ళుగా ఇండియానా మొక్కజొన్న చేల మధ్య జరిగే కార్ల డ్రాగ్ రేసుల్లో ఇంజిన్లు తనిఖీ చేస్తున్నాడు. కన్నతల్లి గెలిచినా ఇంజిన్ విప్పించకుండా కప్పు ఇవ్వడని పేరు. అక్కడ గెలిచినవాళ్ళే తమ ఇంజిన్ విప్పాలి, తనిఖీ చేసేవాడు రెంచీ ముట్టుకోడు. అతని పనల్లా కొలవడమే. సిలిండర్ మూత వెల్లకిలా పెట్టి, ఇంధనం మండే గుంటమీద చిల్లున్న ప్లాస్టిక్ పలకను గ్రీజుతో అతికించి, గీతల గాజుగొట్టంలోంచి రంగు స్పిరిట్ వదులుతాడు. అరవై నాలుగు మిల్లీలీటర్లకు తక్కువ పట్టిందంటే, మూత అరగదీసి ఇంజిన్‌కు దొంగబలం తెచ్చినట్టే. ఇక మాటల్లేవు, బయటికే.

తొమ్మిదేళ్ళ కిందట ఒకటిన్నర తగ్గిందని ప్రాణస్నేహితుడు ఆరిస్ క్లెమ్‌నే పంపేశాడు. ఊరంతా ఆరిస్‌ను దొంగ అంది. అతను మళ్ళీ ఆ గేటు దాటి లోపలికి రాలేదు.

ఈ శనివారం గెలిచింది ఆరిస్ కూతురు ట్రెవా. ఇంజిన్ విప్పి మూత తెచ్చి బల్లమీద పెట్టింది. డెల్మర్ కొలిచాడు. అరవై రెండున్నర.

"తండ్రికి తగ్గ కూతురివే" అన్నాడు విసుగ్గా.

"అవును బాబాయ్, ఇవి నాన్న మూతలే. ఆ రోజు నుంచి వీటికి ఆకురాయి తగల్లేదు. ఈ మధ్య నేను ఇంట్లో గాజు పలక పెట్టి ఎన్నిసార్లు కొలిచినా అరవై నాలుగే. ఒక్కసారి నీ పలక తిరగేసి పెట్టు."

"తిరగేస్తే ఏమొస్తుందే?"

"ఏమీ రాకపోతే నన్నూ పంపెయ్."

తిరగేశాడు. స్పిరిట్ దిగుతూనే ఉంది. అరవై ఐదున్నర దగ్గర ఆగింది.

డెల్మర్ పలకను బల్లమీద పెట్టి వేలితో నొక్కితే ఊగింది. ఏళ్ళ తరబడి వ్యాన్‌లో ఎండకు వంగిపోయింది. ఒకవైపు తన పేరు రాసుకుని, ఆ పేరు పైకి ఉండేలానే పెట్టేవాడు. ఉబ్బు ప్రతిసారీ గుంటలోకే దిగింది. ట్రెవా వెంట తెచ్చిన గాజు పలకతో కొలిస్తే సరిగ్గా అరవై నాలుగు. ఇంకెంతమంది ఉసురు పోసుకున్నానో అనుకున్నాడు.

గేటు బయట ట్రక్కులో ఆరిస్ కూర్చుని ఉన్నాడు. డెల్మర్ వెళ్ళి తలుపు పట్టుకున్నాడు.

"నా పలక వంకరరా. నీ మూతల్లో ఏ తప్పూ లేదు. ఆ రోజు ఇంకోసారి కొలవమని ఎందుకు అడగలేదు?"

ఆరిస్ అతని మొహంలోకి చూడలేదు.

"కొలిచింది నువ్వు కదరా. నా చేతికే పని రాదనుకుని, పనిముట్లన్నీ అమ్మేశా."